పలుచని రేకులో మరకు చోటు ఎక్కడ?

ఉగాది ముందు అటక దిగి, మృగశిర కార్తె దాటగానే మళ్లీ అటక ఎక్కే ఇనుప రేకు కూలర్లు హైదరాబాద్‌లో ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్నాయి. గడ్డి మార్చడానికీ, పంపు కడగడానికీ ప్రతి వేసవిలో వాటి పక్క తలుపులు విప్పక తప్పదు. కొన్న ఏడాది గట్టిగా పట్టిన స్క్రూ మరుసటి ఏడాది కాస్త వదులవుతుంది. మూడో ఏడాదికి ఎంత తిప్పినా ఒట్టిగా తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు 8 నంబరు స్క్రూ తీసి 10 నంబరుది, అదీ పట్టకపోతే ఇంకా లావుది బిగిస్తారు. చివరికి రంధ్రం చిటికెన వేలు దూరేంత పెద్దదై, తలుపును బైండింగ్ వైరుతో కట్టేసే దశ వస్తుంది. స్క్రూ నాసిరకమని అందరూ తేల్చేస్తారు గానీ, చాలాసార్లు స్క్రూలో ఏ దోషమూ ఉండదు. మర, అంటే స్క్రూను పట్టి ఉంచే చుట్ల గాడి, నిలవడానికి కావలసినంత లోహం ఆ రేకులో మొదటి నుంచీ లేదు.

ఈ మాటను అంకెల్లో చూస్తే విషయం స్పష్టమవుతుంది. మన దగ్గర రేకు మందాన్ని గేజ్‌లలో చెబుతారు. గేజ్ అంకె పెరిగేకొద్దీ రేకు పలుచబడుతుంది. 18 గేజ్ రేకు సుమారు 1.2 మి.మీ., 20 గేజ్ 0.9 మి.మీ., 22 గేజ్ 0.7 మి.మీ., 24 గేజ్ 0.56 మి.మీ. మందం ఉంటాయి. మామూలు ఎం6 బోల్టుకు, అంటే 6 మి.మీ. వ్యాసం ఉన్నదానికి, ఒక మరచుట్టుకూ మరోదానికీ మధ్య దూరం, అంటే పిచ్, 1 మి.మీ. కాబట్టి 24 గేజ్ రేకులో ఎం6 ట్యాప్ కొడితే, అంటే మర కోస్తే, అందులో ఇమిడేది సగం చుట్టు కంటే కాస్త ఎక్కువ మాత్రమే. అదే ఎం6 నట్టు ఎత్తు దాదాపు 5 మి.మీ. ఉంటుంది గనుక అందులో అయిదు చుట్లు పనిచేస్తాయి. ఇనుములో నేరుగా మర కోసినప్పుడు బోల్టు తన పూర్తి బలంతో నిలవాలంటే బోల్టు వ్యాసమంత లోతు ఉండాలనీ, అల్యూమినియంలో అయితే ఒకటిన్నర నుంచి రెండింతల లోతు కావాలనీ యంత్రశాలల్లో పాటించే లెక్క. పైగా బరువు అన్ని చుట్ల మీదా సమానంగా పడదు. బోల్టు తలకు దగ్గరగా ఉన్న మొదటి చుట్టే సుమారు మూడో వంతు మోస్తుంది. అయిదు చుట్లు ఉన్నప్పుడు మిగిలినవి దాన్ని ఆదుకుంటాయి. సగం చుట్టే ఉన్న రేకులో ఆదుకునేందుకు వెనక ఇంకేమీ ఉండదు. పానా కాస్త గట్టిగా తిప్పగానే ఆ అంచు కోసుకుపోతుంది. దీన్నే నగరంలోని మెకానిక్కులు చూడీ పోయిందంటారు.

సన్నని స్క్రూ వాడితే పిచ్ తగ్గుతుంది కాబట్టి కొంత మేలు జరుగుతుంది. ఎం3 స్క్రూ పిచ్ 0.5 మి.మీ.; అందువల్ల 18 గేజ్ రేకులో రెండు చుట్లకు పైగా దొరుకుతాయి. కంప్యూటర్ డబ్బాల లోపల అంత చిన్న స్క్రూలు రేకులోనే నేరుగా పట్టడానికి ఇదొక కారణం. అక్కడ కూడా రంధ్రం అంచును వెనక్కి చిన్న గొట్టంలా లాగి, ఆ గొట్టం లోపల మర కోస్తారని ఖాళీ డబ్బాను తిరగేసి చూస్తే తెలుస్తుంది. రేకులో మర బిగించే పద్ధతులన్నీ ఈ లోతును ఏదో ఒక దారిన సంపాదించేవే. ఆ లోతును రేకు సొంత లోహం నుంచి లాగవచ్చు, బయటి నుంచి తెచ్చి అతికించవచ్చు, లేదా రేకు మీద అసలు బరువే పడకుండా చూడవచ్చు. ఏ స్క్రూ కొనాలన్న ప్రశ్న కంటే ముందు, లోతు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న వేసుకోవాలి.

లోతు లేకపోయినా పనిచేసేలా రూపుదిద్దుకున్నది సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ. 8 నంబరు స్క్రూ బయటి వ్యాసం 4.2 మి.మీ., పిచ్ 1.4 మి.మీ. మరచుట్లు దూరదూరంగా ఉంటాయి కాబట్టి రేకు అంచు రెండు చుట్ల మధ్య ఇరుక్కుని, ఒక పక్క పైకీ మరో పక్క కిందికీ వంగి, స్క్రూ వాలుకు తగ్గట్టు తానే ఒక చుట్టుగా మారుతుంది. పట్టు అంతా ఆ ఒక్క వంపు స్ప్రింగులా ఒత్తడం నుంచే వస్తుంది. అందుకే దీనికి వేసే రంధ్రం చాలా కీలకం. 8 నంబరుకు పలుచని రేకులో దాదాపు 3 మి.మీ. రంధ్రం సరిపోతుంది, 4 మి.మీ. వేస్తే స్క్రూ సులువుగా దిగినట్టే ఉంటుంది గానీ, పట్టుకునేందుకు అంచు ఉండదు. బ్యాటరీ డ్రిల్‌తో బిగించే అలవాటు ఇక్కడ పెద్ద శత్రువు. తల రేకుకు ఆనిన తరవాత పావు చుట్టు ఎక్కువ తిరిగినా ఆ వంపు విరుగుతుంది. చేతి స్క్రూడ్రైవర్‌తో బిగిస్తే ఆ క్షణం మణికట్టుకు తెలిసిపోతుంది.

విప్పిన స్క్రూను మళ్లీ పెట్టేటప్పుడు చాలామంది చేయని చిన్న పని ఒకటుంది. స్క్రూను రంధ్రంలో పెట్టి, ముందుగా ఎడమ వైపుకు, అంటే విప్పే దిక్కుకు, మెల్లగా తిప్పాలి. ఒకచోట అది టక్కుమని కొద్దిగా కిందికి జారుతుంది. పాత మర మొదలయ్యే చోటు అదే. అక్కడి నుంచి కుడికి తిప్పితే స్క్రూ పాత దారిలోనే దిగుతుంది. అలా చేయకుండా నేరుగా బిగిస్తే ప్రతిసారీ కొత్త దారి కోసుకుంటుంది. ఉన్న కాస్త అంచూ నాలుగు విప్పులకే అరిగిపోతుంది. కూలర్ తలుపు స్క్రూలు చెడడానికి ఇదీ ఒక ముఖ్య కారణమని చెప్పవచ్చు. ఒకసారి బిగించి మళ్లీ విప్పనక్కరలేని మూతలకు సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ సరైనదే. ఏటా విప్పే తలుపుకు మాత్రం దాన్ని వాడకూడదు.

రేకు సొంత లోహం నుంచే లోతు రాబట్టడానికి, డ్రిల్ చేయడానికి బదులు పొడవడం ఒక పాత ఉపాయం. డ్రిల్ బిట్ రంధ్రంలోని లోహాన్ని రజనుగా బయటికి తీసేస్తుంది. ముందు చిన్న రంధ్రం వేసి, దాని గుండా సన్నగా మొదలై లావయ్యే పంచ్‌ను సుత్తితో దించితే, ఆ లోహం పోకుండా వెనక్కి వంగి చిన్న మెడలా నిలుస్తుంది. కర్మాగారాల్లో ఇదే పనిని అచ్చుల మధ్య ప్రెస్‌తో చేసి, రేకు మందానికి రెండు మూడు రెట్ల ఎత్తున్న మెడ తీస్తారు. ఇంట్లో అంత చక్కని మెడ రాదు, అంచు అక్కడక్కడా చీలుతుంది. అయినా డ్రిల్ చేసిన రంధ్రంతో పోలిస్తే అందులో సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ స్పష్టంగా గట్టిగా పడుతుంది. ట్యాప్ కొట్టి బోల్టు బిగించడానికి మాత్రం దీన్ని నమ్ముకోకూడదు.

వెనక వైపు చేయి వెళ్లే చోట వేరే ఆలోచన అనవసరం. ఆర్పార్ రంధ్రం వేసి, బోల్టు దూర్చి, వెనక పెద్ద వాషరూ, లోపల నైలాన్ రింగు ఉండే నట్టూ బిగిస్తే లోతంతా నట్టులోనే ఉంటుంది. రేకు మధ్యలో నొక్కబడి ఉంటుందే తప్ప మరను మోయదు. ఏదైనా బరువు వేలాడే చోట, ఉదాహరణకు ఇనుప బీరువా తలుపు లోపల కొక్కెం బిగించేటప్పుడు, వాషర్ కూడా చాలదు. రేకు డబ్బా మూతలా లోపలికీ బయటికీ టపటపలాడి, కొన్నాళ్లకు రంధ్రం చుట్టూ పగులుతుంది. అక్కడ 2 లేదా 3 మి.మీ. మందం ఉన్న ఇనుప పట్టీ ముక్క వెనక వేసి, ఆ పట్టీ గుండా బిగించాలి. బరువు ఒక బెజ్జం అంచు మీద కాక పట్టీ పొడవునా పంచుకోబడుతుంది. రేకు అంచుకు దగ్గరగా రంధ్రం ఉంటే క్లిప్ నట్ ఇంకా సులువు. వంచిన స్ప్రింగ్ ఇనుప ముక్కలో మర ఉండే ఈ క్లిప్పును అంచు మీదుగా తోస్తే చాలు, రంధ్రం ఎదుట నిలుస్తుంది. స్కూటర్ల ప్యానెళ్లలో ఇవే ఉంటాయి గనుక టూవీలర్ విడిభాగాల దుకాణాల్లో దొరుకుతాయి. కూలర్ తలుపు స్క్రూలు చాలావరకు అంచుకు దగ్గరే ఉంటాయి కాబట్టి ఈ చవకైన క్లిప్పును ఎక్కువమంది తలచుకోకపోవడం విచారకరం.

చేయీ వెళ్లక, అంచూ దగ్గర లేని చోటుకు పుట్టినదే రివెట్ నట్. 1930లలో అమెరికాలోని గుడ్‌రిచ్ కంపెనీ విమానాల రెక్కల ముందు అంచుకు, మంచు పేరుకోకుండా చేసే రబ్బరు తొడుగులు బిగించడానికి దీన్ని రూపొందించి రివ్‌నట్ అని పేరు పెట్టింది. రెక్క లోపలికి చేయి పెట్టి నట్టు పట్టుకోవడం కుదరదు. రెక్క రేకు మర పట్టేంత మందమూ ఉండదు. చదరపు ఇనుప గొట్టానికీ, మూసిన డబ్బా తలుపుకూ ఉన్న ఇబ్బంది సరిగ్గా అదే. రివెట్ నట్ ఒక పొట్టి గొట్టం. పైన వెడల్పాటి అంచు, అడుగున మర, ఆ రెంటి మధ్య మర లేని పలుచని గోడ ఉంటాయి. మరను పైకి లాగినప్పుడు ఆ పలుచని గోడ నలిగి, రేకు వెనక గాజు తొడిగినట్టు గుండ్రంగా ఉబ్బుతుంది. పై అంచుకూ ఆ ఉబ్బుకూ మధ్య రేకు బిగుసుకుంటుంది. మర లోతేమో పూర్తిగా గొట్టం అడుగున ఉంటుంది.

ఇందులో గెలుపోటములు రంధ్రంలోనే తేలిపోతాయి. మామూలు గుండ్రని రివెట్ నట్‌లకు ఎం4కు 6, ఎం5కు 7, ఎం6కు 9, ఎం8కు 11 మి.మీ. రంధ్రం కావాలి. రంధ్రం పావు మిల్లీమీటరు పెద్దదైనా ఉబ్బు ముందు ఆ ఖాళీని నింపడానికే ఖర్చై, బిగువు తగ్గి, తరవాత బోల్టు విప్పేటప్పుడు నట్టు దానితోపాటే తిరిగిపోతుంది. పలుచని రేకులో గుండ్రని రంధ్రం వేయడానికి మెట్లు మెట్లుగా లావయ్యే స్టెప్ బిట్ మంచి పనిముట్టు. మామూలు బిట్ రేకును దాటే క్షణంలో కొక్కెంలా పట్టుకుని, రంధ్రాన్ని మూడు మూలలుగా చేసి, రేకును చేతిలోంచి లాగేస్తుంది. అయితే మెట్టు మెట్టుకూ 2 మి.మీ. పెరిగే స్టెప్ బిట్ తెచ్చుకుంటే అందులో 4, 6, 8, 10, 12 మాత్రమే ఉంటాయి. ఎం4కు కావలసిన 6 తప్ప, మిగిలిన మూడు కొలతల్లో ఒక్కటీ అందులో లేదు. ఎం6కు 9 దొరక్క 10 వేసేసిన రంధ్రాలే ఇళ్లలో తిరిగిపోయే రివెట్ నట్‌లకు మూలం. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో కొనేటప్పుడు 1 మి.మీ. చొప్పున పెరిగే బిట్ అడగాలి. లేదంటే స్టెప్ బిట్‌తో 8 వరకు వేసి, రేకు వెనక చెక్క ముక్క పెట్టి కట్టి, మామూలు 9 మి.మీ. బిట్‌తో తక్కువ వేగంలో పూర్తి చేయాలి. బిట్ జారకుండా సెంటర్ పంచ్‌తో చిన్న గుంట గుర్తు పెట్టుకోకుండా మొదలుపెట్టకూడదు. రంధ్రం వేశాక రెండు వైపులా అంచున లేచిన గరుకును తీసేయాలి, లేకపోతే నట్టు అంచు రేకుకు పూర్తిగా ఆనదు. తీసేటప్పుడు అంచును లోతుగా చెక్కకూడదు. అర మిల్లీమీటరు రేకులో చెక్కడానికి అసలు లోహమే లేదు.

నట్టు కొనేటప్పుడు పట్టు మందం కూడా చూసుకోవాలి. సాధారణంగా దొరికే ఎం6 ఇనుప రివెట్ నట్‌లలో చాలా రకాలు 0.5 నుంచి 3 మి.మీ. మందపు రేకుకు పనికొస్తాయి గనుక 24 గేజ్ ఆ హద్దుకు దగ్గరగా ఉందని గమనించాలి. పక్కల గరుకు గీతలు ఉన్న రకం నునుపైన దానికంటే తిరగకుండా నిలుస్తుంది. ఇంటి రేకు వస్తువులకు ఇనుముది గానీ అల్యూమినియందిగానీ సరిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు రివెట్ నట్‌ను నలపడానికి చాలా ఎక్కువ బలం కావాలి, చిన్న చేతి పనిముట్లు దానికి తట్టుకోవు.

రెండు చేతులతో నొక్కే రివెట్ నట్ పనిముట్టు ఉంటే పని త్వరగా అవుతుంది. అయిదారు నట్టుల కోసం దాన్ని కొననక్కరలేదు. పూర్తి పొడవునా మర ఉండి, తల మీద బలానికి గుర్తుగా 8.8 అని ముద్ర ఉన్న ఎం6 బోల్టు ఒకటి తీసుకోవాలి. దానికి ముందు ఒక నట్టు ఎక్కించి, తరవాత రెండు మందపాటి వాషర్లు వేసి, వాటి మధ్య గ్రీసు రాయాలి. ఆపై రివెట్ నట్‌ను బోల్టు కొన అడుగు నుంచి కొద్దిగా బయటికి వచ్చేదాకా ఎక్కించి, రేకు రంధ్రంలో అంచు పూర్తిగా ఆనేలా పెట్టాలి. ఒక 10 నంబరు పానాతో బోల్టు తలను కదలకుండా పట్టుకుని, మరో 10 నంబరు పానాతో నట్టును, తల వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కుకు తిప్పాలి. నట్టు వాషర్లను రేకు మీదికి నొక్కుతుంది, బోల్టు తిరగకుండా నిటారుగా పైకి వస్తుంది. గ్రీసు వల్ల పై వాషర్ జారుతుంది గనుక ఆ తిప్పుడు రివెట్ నట్‌కు సోకదు. బోల్టునే తిప్పి బిగిస్తే ఆ బలం నట్టును రంధ్రంలో తిప్పేస్తుంది. రెంటికీ ఉన్న తేడా ఇదే.

ఈ పద్ధతికి ఇంకో సౌకర్యం ఉంది. ఎం6 పిచ్ 1 మి.మీ. కాబట్టి నట్టును ఒక పూర్తి చుట్టు తిప్పితే మర సరిగ్గా 1 మి.మీ. పైకి వచ్చినట్టు లెక్క. అందువల్ల అదే మందం ఉన్న పనికిరాని రేకు ముక్కలో ముందుగా ఒక నట్టు బిగించి, ఎన్ని చుట్లకు ఉబ్బు వెనక రేకును గట్టిగా పట్టిందో లెక్కపెట్టుకుని, అసలు చోట అంతే తిప్పవచ్చు. మొదట పానా తేలిగ్గా తిరుగుతుంది, గోడ నలగడం మొదలవగానే బరువుగా కానీ సాఫీగా తిరుగుతుంది, నలుగుడు పూర్తయ్యాక ఒక్కసారిగా గట్టిపడుతుంది. అక్కడ ఆగాలి. ముందే ఆగితే నట్టు వదులుగా ఉండి తిరుగుతుంది, దాటి తిప్పితే లోపలి మర చెడి బోల్టు బయటికి రాదు. నమూనా ముక్కను తిరగేసి ఉబ్బు చుట్టూ ఒకేలా ఉందో, ఒక పక్కకు ఒరిగిందో చూస్తే రంధ్రం ఎలా పడిందో కూడా తెలుస్తుంది. ఆ తరవాత బిగించే బోల్టుకు కూడా హద్దు ఉండాలి. 8.8 గ్రేడు ఎం6 బోల్టుకు మామూలుగా చెప్పే దాదాపు 10 న్యూటన్ మీటర్ల బిగువు గట్టి నట్టు కోసం. పలుచని రేకులోని రివెట్ నట్ విషయంలో అందులో సగం దగ్గర ఆగిపోవడం క్షేమం.

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వంటి పారిశ్రామికవాడల్లో విద్యుత్ ప్యానెల్ డబ్బాలు చేసేచోట క్లించ్ నట్ వాడకం ఉంది. రేకు కంటే గట్టి లోహంతో చేసిన ఈ నట్టును ప్రెస్‌లో నొక్కితే రేకు లోహం దాని గాడిలోకి ప్రవహించి పట్టుకుంటుంది. అది బలంగానూ చదునుగానూ నిలుస్తుంది గానీ, నిటారుగా, సమంగా పడే ఒత్తిడి కావాలి; సుత్తితో కొడితే రేకు సొట్టపడుతుందే తప్ప నట్టు కుదురుకోదు. నట్టును వెల్డింగ్ చేయించుకోవడం అందరికీ ముందు తట్టే ఆలోచన. గేట్లు చేసే షాపులోని ఆర్క్ వెల్డింగ్ 24 గేజ్ రేకును కరిగించి పెద్ద రంధ్రం చేస్తుంది. జీఐ రేకు మీద జింకు పూత కాలి వచ్చే తెల్లని పొగ పీలిస్తే కొన్ని గంటల తరవాత చలిజ్వరం వస్తుంది. ఇంటి రేకు వస్తువుకు ఆ దారి తగదు.

కూలర్ విషయంలో నీరు కూడా లెక్కలోకి వస్తుంది. రంధ్రం వేసిన ప్రతిచోటా జింకు పూత పోయి ఇనుము బయటపడుతుంది. బోరు నీళ్లలోని లవణాలు అక్కడే పేరుకుని తుప్పు మొదలవుతుంది. నట్టు పెట్టకముందే ఆ అంచుకు రెడ్ ఆక్సైడ్ గానీ జింకు ప్రైమర్ గానీ పూసి ఆరనివ్వాలి. డ్రిల్ చేసేటప్పుడు ప్లగ్ తీసి, మోటారు వైర్లు వెనక లేవని చూసి, తొట్టిలో గుడ్డ పరచాలి. తొట్టిలో పడిన రజను రాత్రికి రాత్రే తుప్పు మరకవుతుంది, పంపులోకి చేరితే దాన్ని పాడుచేస్తుంది. రేకును చేత్తో పట్టుకుని డ్రిల్ చేయడం, కళ్లద్దాలు లేకుండా చేయడం, తిరిగే బిట్ దగ్గర వదులు చేతి తొడుగులు వేసుకోవడం, మూడూ ప్రమాదమే.

ఇప్పటికే పాడైన రంధ్రాల సంగతి మిగిలింది. స్క్రూలు మార్చి మార్చి 6 లేదా 7 మి.మీ. అయిన రంధ్రం ఎం6 రివెట్ నట్‌కు సరైన ఆరంభమే. దాన్ని 9కి పెంచితే చాలు. 9 దాటిపోయి, చుట్టూ రేకు ఇంకా చదునుగా ఉంటే ఎం8ది పెట్టవచ్చు. అంచు చీలి, వంకరపోయి ఉంటే కొత్త నట్టు కోసం ప్రయత్నించడం దండగ. వెనక పట్టీ ముక్క వేసి, రెండు పాప్ రివెట్లతో బిగించి, ఆ పట్టీలోనే కొత్త రంధ్రం తీయాలి. బోల్టు లోపల ఉండగానే రివెట్ నట్ తిరిగిపోతే, దాని పై అంచును గ్రిప్ ప్లేయర్‌తో గట్టిగా పట్టుకుని బోల్టు విప్పాలి. అదీ కుదరకపోతే బోల్టు తలను గ్రైండర్‌తో కోసేసి, నట్టు పై అంచును ఆకురాయితో రాకితే మిగిలిన ముక్క లోపలికి పడిపోతుంది. కూలర్‌ను పక్కకు వంచితే గలగలమంటూ అది తొట్టిలోకి జారుతుంది; నీళ్లు పోయకముందే ఏరేయాలి.